కందెన నుంచి 15డబ్ల్యూ-40 దాకా: ఇంజన్ ఆయిల్ డబ్బా మీద అక్షరాల కథ

ఈ ఎపిసోడ్‌లో ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. కొన్ని నెలల కిందట కారు మెయింటెనెన్స్ గురించి చేసిన ఎపిసోడ్‌లో చివర్లో ఒక మాట అనేశాను. "డబ్బా మీద ఎంత కొత్త అక్షరం ఉంటే అంత మంచి ఆయిల్ అండీ, కారుకి తెచ్చింది మిగిలితే బైక్‌లో పోసుకోండి, ఏం కాదు" అని. స్క్రిప్ట్‌లో లేదు ఆ మాట. ఫ్లోలో వచ్చేసింది.

తర్వాత ఒక రోజు నా బీటెక్ రూమ్మేట్ ఫోన్ చేశాడు. వాళ్ళది ఉప్పాడ, కాకినాడ పక్కన. వాళ్ళ నాన్నగారికి ఫైబర్ బోటు ఉంది, దాంట్లో సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్. "ఏరా, నీ వీడియో చూసి మా తమ్ముడు 0డబ్ల్యూ-20 సింథటిక్ తెచ్చాడ్రా, కారుది. నాన్న ఇంజన్‌లో పోస్తానంటున్నాడు. నాన్నేమో 40 నంబరు తప్ప ఇంకోటి ముట్టనంటున్నాడు. ఇంట్లో గొడవ. నువ్వు చెప్పు" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు తెలీదు. నేను ఏడేళ్ళు కోడ్ రాసినవాణ్ణి, ఇంజన్ విప్పినవాణ్ణి కాదు. "ఒక్క రోజు ఆగరా, ఆ డబ్బా మూత తీయొద్దని చెప్పు" అన్నాను. ఆ రాత్రి మొదలుపెట్టిన చదువే ఈ ఎపిసోడ్. చదివేకొద్దీ నాకర్థమైంది ఏంటంటే, ఆ డబ్బా మీద ఉన్న ఒక్కో అక్షరం వెనక ఎక్కడో ఒక ఇంజన్ పాడైపోయిన కథ ఉంది. మనం దాన్ని ర్యాంకులా చదువుతాం. అది ర్యాంకు కాదు, ఎవరికి ఏ రోగం వచ్చిందో రాసిపెట్టిన చీటీ.

సరే, మొదటి నుంచి వద్దాం.

మన భాషలో లూబ్రికెంట్‌కి ఎప్పటినుంచో ఒక మాట ఉంది: కందెన. ఎడ్లబండి ఇరుసుకి పెట్టేవాళ్ళు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చిక్కగా చేసి, గుడ్డపేలికతో పూసేవాళ్ళు. మా తాతగారి కాలం వాళ్ళని అడగండి, బండి కింద వేలాడే ఆ కందెన గొట్టం గురించి చెబుతారు. ఆముదమే ఎందుకు? చిక్కగా ఉంటుంది, ఇనుముని అంటిపెట్టుకుని ఉంటుంది, ఒత్తిడి పడినా జారిపోదు. ఈ గుణం గుర్తుపెట్టుకోండి, ఇదే ఆముదాన్ని విమానం ఎక్కించింది.

రైలింజన్ల కాలంలో ఆవిరి సిలిండర్లకి జంతువుల కొవ్వు వాడేవాళ్ళు. వేడికి అది ఆమ్లంగా మారి లోహాన్ని తినేసేది. 1866లో అమెరికాలో డాక్టర్ జాన్ ఎల్లిస్ అనే ఆయన పెట్రోలియం నుంచి తీసిన నూనెని ఆవిరి ఇంజన్లకి పనికొచ్చేలా చేశాడు. వాల్వొలీన్ అనే పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో కంపెనీ పెట్టి రైళ్ళకి నూనెలు అమ్మాడు. కార్లు, విమానాలు రాగానే వాటికోసం వేరే నూనె కావాల్సి వచ్చింది. ఆముదం కలిపి చేశారు. ఆముదాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ అంటారు కదా, అందుకే 1909లో ఆ నూనెకి పెట్టిన పేరు క్యాస్ట్రాల్. అంటే మన పొలాల్లో పండే గింజ పేరు ప్రపంచమంతా పెట్రోల్ బంకుల మీద ఉందన్నమాట.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆముదం లేకపోతే చాలా విమానాలు ఎగిరేవే కావు. అప్పటి ఫైటర్లలో చాలావాటికి రోటరీ ఇంజన్. దాంట్లో క్రాంక్ షాఫ్ట్ కదలకుండా ఉంటుంది, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతాయి. పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్‌కేస్ గుండానే సిలిండర్లోకి వెళ్ళాలి. అక్కడ మినరల్ ఆయిల్ పోస్తే పెట్రోల్ దాన్ని కరిగించి కడిగేస్తుంది. ఆముదం పెట్రోల్‌లో అంత తేలిగ్గా కలవదు. అందుకని ఆముదమే దిక్కు. అదీ ఒకసారి పోస్తే తిరిగొచ్చేది కాదు, పొగతోపాటు బయటికి చిమ్ముతూనే ఉండేది. వెనక కూర్చున్న పైలట్ ముఖం మీద, కళ్ళద్దాల మీద, నోట్లో కూడా. చిన్నప్పుడు మన అమ్మమ్మలు ఆముదం ఎందుకు తాగించేవాళ్ళో మీకు తెలుసు కదా... ఆ పైలట్లకి రోజూ అదే పని. నవ్వొస్తుంది గానీ, పది వేల అడుగుల ఎత్తులో ఆలోచించండి.

అప్పట్లో ఆముదం గింజలకి పెద్ద సరఫరాదారు మన దేశం. నిజాం రాష్ట్రం ఆముదానికి పేరున్న ప్రాంతం. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఎర్రనేలల్లో వానాధారంగా పండేది. 1917లో యుద్ధంలోకి దిగిన అమెరికా భారతదేశం నుంచి గింజలు తెప్పించి తన రైతులతో ఆముదం వేయించే ప్రయత్నం కూడా చేసింది. ఇప్పుడు ఆముదంలో గుజరాత్ ముందుంది, అది వేరే సంగతి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలో మాత్రం ఇప్పటికీ ఆముదం వంగడాల మీద పని నడుస్తోంది.

మరి ఇంత గొప్ప ఆముదాన్ని ఎందుకు వదిలేశారు? వేడికి అది గట్టిపడుతుంది. జిగురై, లక్కలాగా పిస్టన్ మీద అతుక్కుంటుంది. ఇంజన్‌ని తరచూ విప్పి గీకాలి. యుద్ధంలో మెకానిక్కుల సైన్యం ఉంటుంది కాబట్టి నడిచింది. మామూలు మనిషి కారుకి అది కుదరదు.

ఇక్కడో సమస్య చూడండి. 1900ల మొదట్లో కారు కొన్నవాడు షాపుకెళ్ళి ఏమని అడగాలి? "పల్చటిది", "మధ్యరకం", "చిక్కటిది" అనేవాళ్ళు. ఒక షాపు మధ్యరకం ఇంకో షాపులో చిక్కటిది. అమెరికాలో ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం, ఎస్‌ఏఈ, 1911లో చిక్కదనానికి నంబర్లు పెట్టే పద్ధతి తెచ్చింది. ఉప్పాడలో బాబాయ్ "40 నంబరు" అంటున్నాడే, ఆ లెక్క పుట్టింది అక్కడ. ఆ నంబరు క్వాలిటీ కాదు, చిక్కదనం మాత్రమే. నేను మొదట ఎక్కడ పప్పులో కాలేశానంటే, 40 అంటే పాత ఆయిల్, 20 అంటే కొత్త ఆయిల్ అనుకున్నాను.

1950ల్లో మల్టీగ్రేడ్ వచ్చింది. నూనెలో పొడవాటి పాలిమర్ గొలుసులు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి ముడుచుకుని ఉంటాయి, వేడెక్కితే విచ్చుకుని నూనె మరీ పల్చబడకుండా ఆపుతాయి. 15డబ్ల్యూ-40 అంటే చలిలో 15 నంబరులాగా పారుతుంది, 100 డిగ్రీల వేడిలో 40 నంబరు చిక్కదనం ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్, వెయిట్ కాదు. మన కాకినాడలో ఆ మొదటి నంబరు 0 అయినా 15 అయినా పొద్దున స్టార్టింగ్‌లో పెద్ద తేడా ఉండదు, మనకి మంచు లేదు కదా. మనకి ముఖ్యం రెండో నంబరు. 20 అంటే వేడిలో చాలా పల్చన. బేరింగుల మధ్య సందు సన్నగా ఉండేలా డిజైన్ చేసిన కొత్త కారు ఇంజన్లకి అది సరిపోతుంది, మైలేజీ కోసం చేసింది. అరిగి, సందులు పెరిగిన బోటు డీజిల్ ఇంజన్‌లో పోస్తే ఆయిల్ ప్రెషర్ నిలబడదు.

నంబర్ల సంగతి అది. ఇక అక్షరాలు. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కొంచెం తీరిగ్గా చెబుతాను.

1931లో కాటర్‌పిల్లర్ కంపెనీ డీజిల్ ట్రాక్టర్ తెచ్చింది. పెట్రోల్ ట్రాక్టర్ కంటే ఖర్చు బాగా తక్కువ. కానీ పొలంలో పెద్ద లోడు మీద గంటల తరబడి నడిపేసరికి పిస్టన్ రింగులు గాడిలో అతుక్కుపోవడం మొదలైంది. డీజిల్ మసి, కాలిన నూనె కలిసి లక్కలా పేరుకుంటోంది. రింగు అతుక్కుంటే కంప్రెషన్ పోతుంది, పిస్టన్ గీసుకుపోతుంది, ఇంజన్ బోరుకొస్తుంది. అప్పటి అత్యుత్తమ నూనెలు, బాగా శుద్ధి చేసినవి, అవీ ఆపలేకపోయాయి. నూనె శుభ్రంగా ఉంటే సరిపోదు, నూనే శుభ్రం చేయాలి అని అక్కడ తెలిసింది. కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ వాళ్ళు నూనెలో ఒక రకం లోహపు సబ్బు కలిపారు. డిటర్జెంట్ అన్నమాట, మన బట్టల సబ్బు పనే. అలా పుట్టిన నూనెకి డెలో అని పేరు, డీజిల్ ఇంజన్ లూబ్రికేటింగ్ ఆయిల్ అనే మాటల మొదటి అక్షరాలు. కాటర్‌పిల్లర్ ఒక సిలిండర్ ఉన్న టెస్ట్ ఇంజన్ చేసి, దాని మీద 480 గంటలు నడిపి నూనెల్ని పరీక్షించే పద్ధతి పెట్టింది. ఒక్క సిలిండర్. బాబాయ్ బోటులో ఉన్నలాంటిదే!

ఇందుకే ఆయిల్ నల్లగా అయిందంటే పాడైందని కాదండీ. మసిని రింగుల దగ్గర పేరుకోనీయకుండా తనలోకి లాక్కుంది కాబట్టి నల్లబడింది. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొన్ని గంటలకే నల్లబడుతుంది. డిప్‌స్టిక్ తీసి వేళ్ళ మధ్య నలిపి "నల్లగుంది, మార్చేయాలి" అనే మెకానిక్ అన్న మాట సగమే నిజం. లెక్క గంటలు, కిలోమీటర్లు. ఫిల్టర్ కూడా మొదట్నుంచీ లేదు. 1923 ప్రాంతంలో ప్యూరొలేటర్ అనే పేరుతో వచ్చింది. అంతకుముందు ఇసక, మసి, ఇనుప రజను అన్నీ నూనెతోపాటే తిరిగేవి.

1947లో అమెరికా పెట్రోలియం సంస్థ, ఏపీఐ, నూనెల్ని మూడు రకాలు చేసింది: రెగ్యులర్, ప్రీమియం, హెవీ డ్యూటీ. అంతే. రెగ్యులర్‌లో ఏమీ కలపరు, ప్రీమియంలో కొంచెం, హెవీ డ్యూటీలో డిటర్జెంట్ కూడా. నేను చేసిన తప్పే అది. మంచిది, ఇంకా మంచిది, అన్నిటికన్నా మంచిది అని వరస పెట్టడం. అది సరిపోలేదు, ఎందుకంటే పెట్రోల్ ఇంజన్ రోగం వేరు, డీజిల్ రోగం వేరు. 1952లో రెండిటినీ విడదీశారు. 1970 ప్రాంతంలో ఇప్పుడు మనం చూసే పద్ధతి వచ్చింది: పెట్రోల్ ఇంజన్లకి ఎస్‌తో మొదలయ్యేవి, డీజిల్‌కి సీతో మొదలయ్యేవి. ఎస్‌ఏ అంటే అసలు ఏమీ కలపని నూనె. అక్కణ్ణుంచి వస్తూ వస్తూ 2001లో ఎస్‌ఎల్, 2004లో ఎస్‌ఎం, 2010లో ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ. డీజిల్‌లో 2002లో సీఐ-4, 2016 చివర్లో సీకే-4.

కొత్త అక్షరం పాతదాన్ని మించిందే కదా అంటారా? చాలా వరకు అవును, కానీ ఒక మెలిక ఉంది. 1940ల్లో జింకు, ఫాస్ఫరస్ ఉన్న ఒక రసాయనం కలపడం మొదలైంది. పొట్టిగా జెడ్‌డీడీపీ అంటారు. మొదట బేరింగులు తుప్పు పట్టకుండా, నూనె చెడకుండా అని కలిపారు. తర్వాత తెలిసింది, లోహం లోహాన్ని గట్టిగా రాసుకునే చోట అది పల్చటి పొర కట్టి అరుగుదల ఆపుతుందని. అయితే అందులోని ఫాస్ఫరస్ పొగగొట్టంలో కేటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. అందుకని తగ్గిస్తూ వచ్చారు. ఎస్‌ఎం వచ్చేసరికి పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదని పెట్టారు. కొత్త కార్లకి ఇబ్బంది లేదు, వాటిలో చాలావాటి క్యామ్‌లకి రోలర్లుంటాయి. కన్వర్టరే లేని పాత ఇంజన్‌కి ఆ తగ్గింపు వల్ల లాభం సున్నా, రక్షణ మాత్రం తగ్గుతుంది.

బైక్ సంగతి ఇంకా చిత్రం. మన బైకుల్లో చాలావాటికి ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్ అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. మైలేజీ కోసం కార్ల ఆయిల్‌లో జారుడు పెంచే పదార్థాలు కలపడం పెరిగాక, ఆ ఆయిల్ బైకుల్లో పోస్తే క్లచ్ ప్లేట్లు జారడం మొదలైంది. ఇంజన్ అరుస్తుంది, బండి ముందుకెళ్ళదు. జపాన్ వాళ్ళు 1998లో బైకుల కోసం జాసో అనే స్టాండర్డ్ పెట్టారు. క్లచ్ ఆయిల్‌లో మునిగే బైకులకి ఎంఏ, క్లచ్ విడిగా పొడిగా ఉండే గేర్‌లెస్ స్కూటర్లకి ఎంబీ. నా ఎపిసోడ్ విని ఎవరైనా కారు ఆయిల్ బైక్‌లో పోసుంటే, క్లచ్ జారుతోంటే, దయచేసి తీయించేయండి. ఆ పాపం నాదే.

టూ స్ట్రోక్ గురించి మర్చిపోకూడదు. మా నాన్నగారి స్కూటర్ రోజులు నాకింకా గుర్తే. బంకులో పెట్రోల్ కొట్టించాక లీటరుకి 20 మిల్లీలీటర్ల లెక్కన 2టీ ఆయిల్ పోయించి, స్కూటర్‌ని అటూ ఇటూ ఊపేవారు కలవడానికి. "ఇంకో చుక్క పోయి, ఇంజన్ చల్లగా ఉంటుంది" అనేవాళ్ళు ఆటోవాళ్ళు. ఆ ఇంకో చుక్కే నీలం పొగ. చివరికి 1998లో సుప్రీంకోర్టు ఢిల్లీ బంకుల్లో విడిగా పోయడం ఆపి, ముందే కలిపిన పెట్రోలే అమ్మాలని చెప్పాల్సి వచ్చింది.

ఇదే టూ స్ట్రోక్ నీళ్ళ మీద వేరే కథ. నార్వే నుంచి అమెరికా వెళ్ళిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో పడవ వెనక తగిలించే మోటారు అమ్మడం మొదలుపెట్టాడు. కాబోయే భార్యకి ఐస్‌క్రీం తేవడానికి సరస్సులో తెడ్డు వేసుకుంటూ వెళ్తే అది కరిగిపోయిందట, అందుకే ఆలోచన వచ్చిందని చెబుతారు. గోదావరి వరదలప్పుడు రబ్బరు బోట్ల వెనక చూస్తాం కదా, ఓబీఎం అంటారు, అలాంటి మోటారు. దానికి చల్లటి నీళ్ళే కూలింగ్. స్కూటర్ ఇంజన్ కంటే చల్లగా, కానీ గంటల తరబడి ఫుల్ థ్రాటిల్ మీద నడుస్తుంది. స్కూటర్ ఆయిల్‌లో ఉండే లోహపు డిటర్జెంట్ బూడిదై పిస్టన్ మీద పేరుకుని, స్పార్క్ రాకముందే పెట్రోల్‌ని అంటిస్తుంది. పిస్టన్‌కి చిల్లు పడొచ్చు. అందుకే బూడిద లేని నూనె, టీసీ-డబ్ల్యూ3 అని 1990ల మొదట్లో వచ్చింది. దాన్ని తెచ్చి స్కూటర్‌లో పోసినా తప్పే, ఆ వేడికి అది చాలదు. ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డులకి 2004లో ఎఫ్‌సీ-డబ్ల్యూ వచ్చింది. అందులో ఉప్పునీటి తేమకి తుప్పు పట్టకుండా ఆపుతుందా అన్న పరీక్ష కూడా ఉంది. కారు ఆయిల్‌కి ఆ పరీక్ష ఉండదు, కారు సముద్రంలోకి పోదు కాబట్టి.

ఇదంతా చదివాక మర్నాడు ఫోన్ చేసి చెప్పాను. తర్వాతి ఆదివారం నేనే ఉప్పాడ వెళ్ళాను, క్షమాపణ చెప్పుకోవాలి కదా. బాబాయ్ ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చారు. లోపల ఇంజన్ కొన్నప్పటి పుస్తకం, అంచులు తినేసి ఉంది. డీజిల్ గ్రేడు, ఎస్‌ఏఈ 40 లేదా 15డబ్ల్యూ-40. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఆ పేజీ మాత్రం గుర్తుపెట్టుకున్నారు.

"బాబూ, కారు ఆగిపోతే దిగి తోస్తావు. ఇది ఆగిపోతే నేనెక్కడ దిగాలి?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఇంజన్ చూసుకునే తీరు చూపించారు, మీకూ చెబుతాను. బోటు కదిలే ముందు, ఇంజన్ స్టార్ట్ చేయకముందే, డిప్‌స్టిక్ తీస్తారు. నల్లగా ఉంటే పట్టించుకోరు. పాలు కలిసిన టీ రంగులోకి వస్తే మాత్రం బోటు కదలదు. అంటే నీళ్ళు కలిశాయి. గ్యాస్కెట్టో, కూలరో, పంపు సీలో పోయింది. ఆయిల్ మార్చేస్తే సరిపోదు, కారణం పట్టుకోవాలి. లెవెల్ పెరిగినా అనుమానమే. నీళ్ళో డీజిలో కలిస్తేనే పెరుగుతుంది, ఆయిల్ తనంతట తాను పెరగదు. తిరిగొచ్చాక కూలింగ్ దారిలో మంచినీళ్ళు పంపి ఉప్పు కడుగుతారు.

ఒక్క విషయంలో మాత్రం నేను చదివింది ఆయనకి పనికొచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. అన్నాళ్ళు ఇంజన్ ఊరికే ఉంటుంది. ఆయన నిషేధం అయిపోయాక, బయల్దేరే ముందు కొత్త ఆయిల్ పోసేవారు. వాడని ఇంజన్‌కి కొత్త ఆయిల్ దండగ అని. కానీ వాడిన ఆయిల్‌లో తేమ, డీజిల్ కాలగా వచ్చిన ఆమ్లాలు ఉంటాయి. డీజిల్‌లో గంధకం ఒకప్పుడు 1 శాతం దాకా ఉండేది, బీఎస్-6లో పది లక్షల్లో 10 భాగాలకి తగ్గింది. అయినా పాత ఆయిల్ పాతదే. రెండు నెలలు అది బేరింగుల మీద కూర్చుంటుంది. అందుకని ఇంజన్ పక్కన పెట్టే ముందే పాతది వేడిగా ఉండగా తీసేసి, కొత్తది పోసి, కాసేపు తిప్పి ఆపాలి. బాబాయ్ కాసేపు ఆలోచించి, "అయితే ఈసారి ఏప్రిల్ 14నే మారుద్దాం" అన్నారు.

తమ్ముడు తెచ్చిన 0డబ్ల్యూ-20 డబ్బా సీలు తీయలేదు కాబట్టి షాపువాడు వెనక్కి తీసుకున్నాడు. బాబాయ్ ఖాళీ ఆయిల్ డబ్బాలకి మేకుతో చిల్లు కొట్టి పడేస్తారు. అవే డబ్బాల్లో కల్తీది నింపి మళ్ళీ అమ్మేవాళ్ళున్నారని. పాత ఆయిల్‌ని మాత్రం సముద్రంలో పోయరు, డ్రమ్ములో పోసి కొనేవాడికి ఇస్తారు.

ఆ పాత ఎపిసోడ్‌లో ఆ ముక్క కట్ చేసి మళ్ళీ అప్‌లోడ్ చేశాను. మీ బండి పుస్తకంలో ఏ నంబరు, ఏ అక్షరం రాసుందో ఒకసారి తీసి చూడండి. పుస్తకం పోయిందంటే ఏ ఇంజనో, ఏ సంవత్సరందో కింద రాయండి, వెతికి చెబుతాను, ఈసారి చదివే చెబుతాను. వచ్చే ఎపిసోడ్‌లో ఆ గిర్రున తిరిగే రోటరీ ఇంజన్ని విడిగా విప్పి చూద్దాం. ఉంటానండీ.